చెక్ ఇంజిన్ దీపం కథ

డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగిందంటే చాలు, మనవాళ్ళకి గుండె జారిపోతుంది. ముఖ్యంగా అమెరికాలో దిగిన కొత్తలో, ఇండియా వెళ్ళిపోతున్న ఏ రూమ్మేటు దగ్గరో పదేళ్ళ నాటి కారు కొనుక్కున్నవాళ్ళకి. ఓ చవక రీడర్ తగిలిస్తే కోడ్ వస్తుంది, కోడ్‌ని నెట్‌లో వెతికితే ఓ పార్టు పేరు వస్తుంది, ఆ పార్టు మార్చేస్తే సరి అనుకుంటాం. చిక్కంతా అక్కడే ఉంది. ఆ దీపం పుట్టింది మెకానిక్కు కోసం కాదు, మనకోసం అంతకన్నా కాదు. పొగ కోసం!

1950ల మొదట్లో లాస్ ఏంజిలస్ మీద కళ్ళు మండించే పొగ కమ్ముకునేది. అనాసపండు వాసన ఎక్కణ్ణించి వస్తుందో పరిశోధిస్తున్న కాల్టెక్ ప్రొఫెసరు ఆరీ హాగెన్-స్మిట్ దృష్టి దీనిమీదికి మళ్ళింది. కార్లూ రిఫైనరీలూ వదిలే వాయువులు ఎండలో కలిసి వండుకున్న వంటే ఈ పొగ అని తేల్చాడాయన. తర్వాత కాలిఫోర్నియా గాలి వనరుల బోర్డుకి మొదటి ఛైర్మనూ ఆయనే.

అప్పటికి కార్లలో ఎలక్ట్రానిక్స్ లేవా అంటే, 1958లో బెండిక్స్ కంపెనీ ఎలక్ట్రోజెక్టర్ అని ఒకటి చేసింది. క్రైస్లర్ వాళ్ళు కొన్ని పదుల కార్లలో పెట్టి, అది మొరాయిస్తుంటే చాలావాటికి పీకేసి మళ్ళీ కార్బురేటర్లు బిగించారు. ఆ పేటెంట్ల ఆధారంగానే బాష్ కంపెనీ 1967లో డీ-జెట్రానిక్ తెచ్చింది. అది పనిచేసింది. కానీ తనకేమైందో తను చెప్పుకోలేదు. మెకానిక్కు ఒక్కో తీగ దగ్గరా మీటరు పెట్టి చూడాల్సిందే.

1970 చివర్లో అమెరికా స్వచ్ఛ వాయు చట్టం వచ్చింది. కార్ల కాలుష్యం 90 శాతం తగ్గాలంది. 1975 మోడళ్ళకి కేటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి. ఆ తర్వాత వచ్చిన మూడు విషవాయువుల్నీ ఒకేసారి శుద్ధిచేసే రకానికి ఓ మొండిపట్టు ఉంది: ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ళ గాలి, ఆ చుట్టుపక్కలే ఉండాలి. కార్బురేటరు వల్ల అయ్యే పని కాదది. అందుకని పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సరూ, దాన్ని చదవడానికి ఓ కంప్యూటరూ వచ్చాయి. 1981కల్లా జనరల్ మోటార్స్ తన అమెరికా పెట్రోలు కార్లన్నిటికీ కంప్యూటర్ పెట్టేసింది.

దాంతోపాటే చెక్ ఇంజిన్ దీపం. డాష్‌బోర్డు కింద 12 పిన్నుల కనెక్టరుండేది. అందులో రెండు పిన్నుల్ని ఓ పేపర్ క్లిప్పుతో కలిపి, ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా తాళం ఆన్ చేస్తే, దీపం ఒకసారి మెరిసి, ఆగి, రెండుసార్లు మెరిసేది. అంటే కోడ్ 12. అర్థం: "ఇంజిన్ తిరుగుతున్నట్టు సిగ్నల్ రావట్లేదు". ఇంజిన్ నిజంగానే తిరగట్లేదు కాబట్టి, నిజం చెప్తోంది, కంప్యూటర్ బతికే ఉంది. మన హలో వరల్డ్ లాంటిదన్నమాట :-) తర్వాత అసలు కోడ్లు వరసగా.

ఉదాహరణకి 15, అంటే కూలెంట్ మరీ చల్లగా ఉందని. ఇది కొంచెం విడమరచి చెప్తాను, నాకు మొత్తం కథలో బాగా నచ్చిన ముక్క ఇదే. ఆ సెన్సరు వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గే చిన్న ముక్క. కంప్యూటర్ తన లోపలి రెసిస్టర్ గుండా దానికి 5 వోల్టులు పంపి, తీగ మీద ఎంత మిగిలిందో చూస్తుంది. తీగ తెగిపోతే మొత్తం 5 వోల్టులూ కనిపిస్తాయి. అంటే కంప్యూటర్ లెక్కలో కూలెంట్ మైనస్ 40 డిగ్రీలు! మండుటెండలో కూడా అది అలాగే నమ్మి పెట్రోలు గుమ్మరిస్తుంది. అంటే కోడ్ 15 "సెన్సరు పోయింది" అనట్లేదు. "ఈ తీగ మీద వోల్టేజి ఎక్కువుంది" అంటోంది, అంతే.

మరి తప్పెవరిది? సెన్సరు ప్లగ్గు పీకి, ప్లగ్గులోని రెండు తీగల్నీ కలిపేస్తారు. ఇప్పుడు వోల్టేజి పడిపోయి కోడ్ 14, అంటే "మరీ వేడి", రావాలి. వస్తే తీగలూ కంప్యూటరూ బాగున్నట్టే, సెన్సరుదే తప్పు. రాకపోతే సిగ్నల్ తీగని నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి తాకిస్తారు. అప్పుడు 14 వస్తే గ్రౌండ్ తీగ తెగినట్టు. అప్పటికీ రాకపోతే సిగ్నల్ తీగో, కంప్యూటరో. బైనరీ సెర్చ్ అని పేరు పెట్టకుండా పేపర్ క్లిప్పుతో చేసేవాళ్ళు.

ఇలా ఒక్కో కంపెనీకీ ఒక్కో భాష. కాలిఫోర్నియా 1988 మోడళ్ళ నుంచి స్వీయ పరీక్ష తప్పనిసరి చేసింది. 1996 నుంచి దేశమంతటా ఓబీడీ-2 వచ్చింది: ఒకే 16 పిన్నుల సాకెట్, ఒకే రకం కోడ్లు. దీనివల్ల మేలు చాలా జరిగింది, కాదనను. కానీ రాసింది పొగ కొలిచేవాళ్ళని మర్చిపోకూడదు. పెట్రోలు ట్యాంకు మూత వదులుగా ఉన్నా దీపం వెలుగుతుంది, ఎందుకంటే ఆవిరి బయటికి పోతుంది. బ్రేకులు అరిగిపోతే ఈ దీపానికి పట్టదు.

కాలిఫోర్నియాలో ఉన్నప్పుడు నా 1998 కారుకి పీ0135, పీ0141 రెండూ ఒకేసారి వచ్చాయి. ముందు, వెనక ఆక్సిజన్ సెన్సర్ల హీటర్ సర్క్యూట్లు. దీపం వెలుగుతుంటే స్మాగ్ పరీక్ష పాస్ కాదు, పాస్ కాకపోతే రిజిస్ట్రేషన్ రెన్యూ కాదు. కోడ్ చెరిపేసి వెళ్దామన్నా, స్వీయ పరీక్షలు ఇంకా పూర్తికాలేదని కారే చెప్పేస్తుంది. ఓ షాపువాళ్ళు రెండు సెన్సర్లూ మార్చి, బిల్లు వసూలు చేసి పంపారు. మూడో రోజు దీపం మళ్ళీ హాజరు.

రెండు సర్వర్లు ఒకే నిమిషంలో పడిపోతే మనం రెండు సర్వర్లూ కొత్తవి కొంటామా? రెంటికీ కరెంటు ఎక్కణ్ణించి వస్తోందో చూస్తాం. లైబ్రరీలో దొరికిన రిపేర్ మాన్యువల్‌లో వైరింగ్ బొమ్మ తీస్తే, రెండు హీటర్లకీ ఒకటే ఫ్యూజు. అది మాడిపోయి ఉంది. ఎందుకు మాడిందని తీగ పట్టుకుని వెళ్తే, ఒకచోట క్లిప్పు ఊడి ఎగ్జాస్ట్ గొట్టం మీద వాలి, పైతొడుగు కరిగిపోయింది. కొత్త ఫ్యూజు, కాస్త తీగ. అక్కణ్ణించి స్మాగ్ పరీక్షకి.

ఆ బొమ్మ నాకు దొరకడం వెనకా చరిత్ర ఉంది. కోడ్ ఇచ్చి, దాన్ని ఛేదించే సమాచారం డీలర్లకే ఇస్తే ఏం లాభం? అందుకే 1990 చట్ట సవరణలో, కాలుష్యానికి సంబంధించిన రిపేరు సమాచారం బయటి మెకానిక్కులకీ ఇవ్వాలని రాశారు. పొగకి సంబంధం లేనిది? దానికి ఇంకో ఇరవయ్యేళ్ళు కొట్లాడాల్సొచ్చింది. 2012లో మసాచుసెట్స్ వోటర్లు రిపేరు హక్కుని భారీ మెజారిటీతో గెలిపించారు. 2020లో, కారు వైర్‌లెస్‌గా పంపే డేటా కోసం మళ్ళీ వోటెయ్యాల్సొచ్చింది.

మనదేశంలో ఈ స్వీయ పరీక్ష నిబంధన భారత్ స్టేజ్-4 తో, 2010 ఏప్రిల్లో మొదలైంది. మొదటి 13 నగరాల్లో హైదరాబాదు ఒకటి. ఓబీడీ-2 తరహా నిబంధనలు 2013లో వచ్చాయి. కాబట్టి మీ నాన్నగారు 2000ల మొదట్లో ముచ్చటపడి కొన్న ఎంపీఎఫ్ఐ కారు ఇంకా ఇంట్లో ఉంటే, మీరు అమెరికా నుంచి తీసుకెళ్ళిన రీడరు దానితో మాట్లాడుతుందన్న భరోసా లేదు. వెళ్ళేటప్పుడు ఓ మల్టీమీటరు కూడా పెట్టెలో పడెయ్యండి.