సముద్రపు బురదలో ఆకుల మైనం: దక్కను ప్రాచీన వర్షాల ఆనవాళ్లు

జొన్నచేలో పని చేసి వచ్చినవారి చేతులకు, బట్టలకు దంటు మీది తెల్లని పొడి అంటుకొని ఉంటుంది. చాలామంది దానిని దుమ్ము అనుకుంటారు. అది మొక్క తన ఒంటికి తాను పూసుకున్న మైనం. లోపలి తేమ ఎండకు ఆవిరి కాకుండా అది కాపాడుతుంది. చేమ ఆకు మీద నీటిబొట్టు నిలువక జారిపోవడానికి కారణమూ ఇటువంటి మైనమే. వేప, తుమ్మ, వరి, బోదగడ్డి మొదలుగా భూమి మీది మొక్కలన్నింటికీ ఈ పూత ఎక్కువో తక్కువో ఉంటుంది.

ఆకు రాలి కుళ్లిన తరువాత కూడా ఈ మైనం త్వరగా నశించదు. పొడవైన కర్బన గొలుసులతో ఏర్పడిన పదార్థం కనుక నీటిలో కరగదు, సూక్ష్మజీవులకు సులభంగా లొంగదు. గాలికి ఎగిరి, వాన నీటికి కొట్టుకొనిపోయి, వాగులలో పడి, ఏటి ఒండ్రుతో కలిసి సముద్రం చేరుతుంది. మన హగరి వరదనీరు తుంగభద్రకు, తుంగభద్ర నీరు కృష్ణకు, కృష్ణ నీరు బంగాళాఖాతానికి పోతున్నవి. నదీముఖం వద్ద సముద్రగర్భంలో ఆ ఒండ్రు పొర మీద పొరగా పేరుకుంటుంది. లోతుకు పోయిన కొలది పాత కాలపు మైనం దొరుకుతుంది.

ఆ మైనాన్ని బట్టి నాటి వర్షాలను ఊహించే పద్ధతికి ఆధారం ఐసోటోపులు, అనగా ఒకే మూలకంలో బరువు తేడా గల పరమాణువులు. కర్బనంలో నూటికి సుమారు ఒకటి కొంచెం బరువైనది. దానిని కర్బనం-13 అంటారు. మొక్కలు గాలి నుండి కర్బనాన్ని గ్రహించే విధానాలు ముఖ్యంగా రెండు. చెట్లు, పొదలు, వరి, పత్తి, వేరుశనగ, కంది, ఉలవ ఒక విధానానివి. వీటిని సి-3 మొక్కలంటారు. జొన్న, సజ్జ, కొర్ర, రాగి, మొక్కజొన్న, చెరకు, ఎండకు తట్టుకొనే మెట్టగడ్డి జాతులనేకం రెండవ విధానానివి. ఇవి సి-4 మొక్కలు. వేడిలోనూ నీటి కొరతలోనూ పొదుపుగా బ్రతకగల విధానం ఈ రెండవది. సి-4 మొక్కల మైనంలో బరువైన కర్బనం పాలు ఎక్కువ. కాబట్టి ఒక పొరలో బరువైన కర్బనం పెరిగినదంటే, ఆ కాలంలో నదీ పరీవాహకంలో అడవి తగ్గి ఎండుగడ్డి నేలలు పెరిగినవని అర్థం చేసుకొంటారు.

ఉదజని సంగతి వేరు. మొక్కకు ఉదజని వాననీటి నుండే వస్తుంది. సముద్రపు నీటిలో సుమారు 6,400 ఉదజని పరమాణువులకు ఒకటి రెట్టింపు బరువు గలది. ఉష్ణమండలంలో వానలు దట్టంగా కురిసిన కాలంలో వాననీటిలో ఈ బరువు పాలు సాధారణంగా తగ్గుతుంది. వానలు పలుచబడి, ఆకు నుండి నీరు ఎక్కువగా ఆవిరైనప్పుడు పెరుగుతుంది. అందుచేత ఉదజని వానను గురించి, కర్బనం పచ్చదనాన్ని గురించి చెబుతాయని స్థూలంగా అనుకోవచ్చును. ప్రయోగశాలలో బురదను ఆరబెట్టి, ద్రావకాలతో మైనాన్ని కరిగించి తీసి, దాని భాగాలను విడదీసి, మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రంతో ఈ పాళ్లను కొలుస్తారు.

తెలుగు తీరంలో ఇందుకు మంచి ఉదాహరణ గోదావరి ముఖం ఎదుట దొరికినది. 2006లో జోయిడెస్ రిజల్యూషన్ అనే తవ్వకపు నౌక భారత జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం పనిమీద కృష్ణా-గోదావరి తీరానికి వచ్చినది. వెదకవచ్చినది ఇంధనం కోసం. దానితోపాటు వానల చరిత్ర కూడా పైకి వచ్చినది! 1,200 మీటర్లకు మించిన లోతు నీటి అడుగున తీసిన మట్టి స్తంభంలో పై ఎనిమిదిన్నర మీటర్లు సుమారు 11,000 సంవత్సరాల కాలానివి. వాటి వయస్సును అందులోని సూక్ష్మజీవుల గుల్లల రేడియో కార్బన్ ద్వారా నిర్ణయించారు. అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన కామిలో పోంటన్, లివియు జోసాన్ ప్రభృతులు 2012లో ఫలితాలు ప్రకటించారు.

ఆ ఫలితాల సారం ఇది. సుమారు 4,000 ఏళ్ల క్రితం నుండి 1,700 ఏళ్ల క్రితం వరకు మైనంలో బరువైన కర్బనం పెరుగుతూ వచ్చినది; అటుపై మెట్టప్రాంతపు మొక్కలే స్థిరపడినవి. సముద్రపు గుల్లలలోని ప్రాణవాయు ఐసోటోపులు సైతం గత 3,000 ఏళ్లలో బంగాళాఖాతంలో ఉప్పదనం హెచ్చిన ఘట్టాలను, అనగా నదుల మంచినీరు తగ్గిన కాలాలను చూపుతున్నవి. మహారాష్ట్ర బుల్ఢాణా జిల్లాలోని లోణార్ చెరువు మట్టి మీద జరిగిన పరిశోధన 4,600–3,900 ఏళ్ల క్రితం, మరల 2,000–600 ఏళ్ల క్రితం దీర్ఘమైన అనావృష్టి కాలాలను గుర్తించినది. రెండుచోట్ల తేదీలు అచ్చంగా ఒకటి కాకపోయినా, దక్కను ఎండిపోతూ వచ్చినదనే మాట కలుస్తున్నది.

బళ్లారి గోదావరి పరీవాహకంలో లేదు. అయినను ఈ కథ మన గడప వరకు వస్తుంది. గోదావరి మట్టిపై వెలువడిన ఆ వ్యాసకర్తలలో ఒకరైన డోరియన్ ఫుల్లర్, బళ్లారి పక్కనే ఉన్న సంగనకల్లు–కుప్‌గల్ కొండల నవీన శిలాయుగపు గింజలను పరిశీలించిన పురావస్తు వృక్షశాస్త్రజ్ఞుడు. రవి కొరిసెట్టర్, నికోల్ బోయివిన్ మొదలైనవారితో కలిసి అక్కడ పనిచేసిన వ్యక్తి. ఆ తవ్వకాలలో అండుకొర్రలు, ఉలవలు, పెసలు బయటపడినవి. పశువుల పేడను కాల్చగా ఏర్పడిన బూడిద దిబ్బలు చుట్టుపక్కల నేటికీ ఉన్నవి. అంటే మన పూర్వులు పశువులను మేపుతూ, తక్కువ వానకు పండే పంటలను ఎంచుకొని ఊళ్లుగా స్థిరపడిన కాలం, సముద్రపు మట్టి చెప్పే ఎండుకాలపు తొలి భాగంతో సరిపోలుతున్నది. వానలు తగ్గడమే స్థిర వ్యవసాయానికి ఊతమిచ్చినదని 2012 నాటి వ్యాసం ప్రతిపాదించినది. కడుపు నింపిన అండుకొర్రను మనం నడుమ చాలాకాలం పేదల గింజగా చూశాము; అది వేరే చర్చ.

అయితే మైనం చెప్పినదంతా వానమాటే అనుకోరాదు. అడవిని నరికి కొర్ర చల్లినా బరువైన కర్బనం పెరుగుతుంది. అది మనిషి చేసిన మార్పు. చెరకు నీళ్లు తాగే పంట, అయినా దాని కర్బనం జొన్న వంటిదే. సర్కారు తుమ్మ ఎండకు భయపడని చెట్టు, అయినా సి-3 జాతిలోనిదే. కనుకనే ఒక్క కర్బనంతో తృప్తిపడక ఉదజనిని, పుప్పొడిని, గుల్లలను కలిపి చూస్తారు. 2017లో అదే మట్టి మీద వెలువడిన మరో వ్యాసం, చివరి మూడు నాలుగు వేల ఏళ్లలో దక్కను నేలల కోత పెరిగినదని, అందులో ఎండుదనంతోపాటు సేద్యం విస్తరించడానికీ పాత్ర ఉండవచ్చునని తెలిపినది.

మరొక హద్దు కూడా ఉన్నది. మైనం నేలలోనే వందల ఏళ్లు నిలిచి తరువాత సముద్రం చేరవచ్చును. అందువలన 1876 నాటి ధాత కరువు ఏ పొరలో ఉన్నదని అడిగితే ఈ విద్య జవాబు ఇవ్వలేదు. అది శతాబ్దాల పోకడను మాత్రమే చూపగలదు. ఆ పోకడ ఎందుకు కావాలంటే, నేడు భారత వాతావరణ శాఖ సాధారణ వర్షపాతంగా లెక్కించేది 1971–2020 నడుమ 50 ఏళ్ల సగటు. ఇటు హోబళిలోనైనా అటు మండలంలోనైనా వానలోటును చూసేది సాధారణ వర్షపాతంతో పోల్చియే. యాభై ఏళ్ల సగటు చూడని ఎండుదనాన్ని ఈ నేల ఇంతకుముందు శతాబ్దాల తరబడి చూసినది.

మన వాగుల మైనం ఇప్పుడు సముద్రం వరకు మునుపటి వలె పోవడం లేదు. 1953లో నీరు నిలిపిన తుంగభద్ర జలాశయం నిల్వ సామర్థ్యం మొదట సుమారు 133 టీఎంసీలు. పూడిక వలన అది దాదాపు 105 టీఎంసీలకు దిగినది. ఎగువ చేల ఆకుల మైనం చాలా భాగం ఇప్పుడు ఆ పూడికలోనే చేరుతున్నది. సంగనకల్లు గొడ్డళ్లు, కుండ పెంకులు మాత్రం బళ్లారి పట్టణంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ పేరిట ఏర్పాటైన పురావస్తు ప్రదర్శనశాలలో చూడవచ్చును.