జ్వరం పోయినా వదలని నొప్పులు, నీరసం: కారణాలు ఏవి, ఇంటి వైద్యం ఎంతవరకు?

"జ్వరం వచ్చి పోయింది, అప్పట్నుంచి ఒళ్లు మాత్రం బాగాలేదు." అనంతపురం, కదిరి, హిందూపురం, గుంతకల్లు వైపు చాలా ఇళ్లలో ఈ మాట వినిపిస్తుంది. రాత్రంతా పడుకున్నా పొద్దున లేచేసరికి అసలు నిద్రే పోనట్టు ఉంటుంది. మెడ, భుజాలు, నడుము, మోకాళ్లు, ఒకటని కాదు, అన్నీ నొప్పే. రక్త పరీక్షలు చేయిస్తే 'అన్నీ నార్మల్' అని వస్తుంది. ఆ కాగితం చూసి ఇంట్లోవాళ్లు "ఏమీ లేదంట, ఊరికే అంటోంది" అనేస్తారు. ఈ మాట పడేది ఎక్కువగా ఆడవాళ్లే.

ఈ బాధలకు వైద్యంలో రెండు పేర్లున్నాయి. ఒళ్లంతా నొప్పులు 3 నెలలకు మించి ఉండి, నిద్ర సరిగా లేక, మతిమరుపు కూడా తోడైతే దాన్ని ఫైబ్రోమయాల్జియా అంటారు. నీరసం 6 నెలలకు పైగా ఉండి, చిన్న పని చేసినా మర్నాడో ఆ తర్వాతి రోజో మంచం పట్టేంతగా దిగజారితే అది క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్. కొందరిలో రెండూ కలిసే ఉంటాయి. ఈ రెంటినీ ఖాయం చేసే రక్త పరీక్ష ఇప్పటికీ లేదు. కాబట్టి రిపోర్టు నార్మల్ అని వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు.

ఇన్ఫెక్షన్ మొదలుపెట్టిన జబ్బేనా?

కొందరిలో అవుననే చెప్పాలి. మన ప్రాంతానికి దగ్గరి ఉదాహరణ చికున్‌గున్యా. 1973లో మహారాష్ట్రలోని బార్షీ తర్వాత దేశంలో దాదాపు కనుమరుగైన ఈ వైరస్ 2005 చివర్లో మళ్లీ వచ్చింది. అప్పుడు ముందుగా దెబ్బతిన్న ప్రాంతాల్లో రాయలసీమ జిల్లాలున్నాయి. 2006లో దేశం మొత్తం మీద అనుమానిత కేసులు 13 లక్షలు దాటాయి. జ్వరం వారంలో తగ్గేది. కీళ్ల నొప్పులు మాత్రం కొందరిని నెలలు, ఇంకొందరిని ఏళ్లు పట్టుకున్నాయి. చికున్‌గున్యా అన్న మాట టాంజానియాలోని మకొండే భాష నుంచి వచ్చింది. ఒంగిపోయేలా చేసేది అని దానర్థం. ఆ నొప్పి పడ్డవాళ్లకు ఇంతకంటే వివరించక్కర్లేదు.

కరువు సీమలో దోమల జబ్బేమిటని అనిపించొచ్చు. నీళ్లు రోజూ రాని చోటే డ్రమ్ములు, సిమెంటు తొట్లు నింపి పెట్టుకుంటారు. పగటిపూట కుట్టే ఏడిస్ దోమకు కావాల్సింది ఆ నిల్వ నీళ్లే. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది. 'ఫ్రైడే డ్రైడే' అని వారానికోసారి తొట్లు ఖాళీ చేయమనేది అందుకే. జుమా తయారీతో పాటే తొట్టి కూడా కడిగేస్తే పని అయిపోతుంది.

ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే నీరసం మీద పేరున్న అధ్యయనం ఒకటి ఆస్ట్రేలియాలోని డబ్బో అనే ఊళ్లో జరిగింది. అదీ గొర్రెలు మేపే ప్రాంతమే. మూడు రకాల ఇన్ఫెక్షన్లు సోకిన 253 మందిని గమనించారు. ఎప్‌స్టీన్-బార్ వైరస్, పశువుల నుంచి వచ్చే క్యూ ఫీవర్, చికున్‌గున్యా కుటుంబానికే చెందిన రాస్ రివర్ వైరస్. ఆరు నెలల తర్వాత కూడా 12 శాతం మంది తేరుకోలేదు. 2006లో వెలువడిన ఈ ఫలితాల్లో అసలు విషయం వేరే ఉంది. ఎవరు తేరుకోరన్నది మొదట్లో జబ్బు ఎంత గట్టిగా కొట్టిందన్న దాన్ని బట్టి ఉంది గానీ, మనసు బలహీనతను బట్టి లేదు. "అంతా మనసులోనే ఉంది" అనేవాళ్లకు ఇది చెప్పాల్సిన సంగతి.

అలాగని ప్రతి వార్తనూ నమ్మలేం. 2009లో ఎక్స్‌ఎంఆర్‌వీ అనే వైరస్సే క్రానిక్ ఫెటీగ్‌కు మూలమని పెద్ద సంచలనం రేగింది. ల్యాబుల్లో కలుషితమైన నమూనాల వల్ల వచ్చిన ఫలితమని తేలి, 2011లో ఆ పరిశోధనను పత్రికే వెనక్కి తీసుకుంది.

మందుతో నయమయ్యేవి ముందు చూడాలి

గొర్రెలు, మేకలు పెంచేవాళ్లు, మాంసం కొట్లలో పనిచేసేవాళ్లు బ్రూసెల్లోసిస్ పేరు తప్పక తెలుసుకోవాలి. సాయంత్రం వచ్చిపోయే జ్వరం, చెమటలు, నడుము నొప్పి, నెలల తరబడి నీరసం దీని గుర్తులు. పచ్చి పాలు తాగితే, ఈనే గొర్రెకు ఒట్టి చేతులతో సాయం చేస్తే సోకుతుంది. ఖుర్బానీ రోజుల్లో చేతికి కోత ఉంటే గ్లవ్స్ వేసుకోవడం మంచిది. దీనికి పరీక్ష ఉంది, కనీసం 6 వారాలు రెండు యాంటీబయాటిక్‌లతో వైద్యమూ ఉంది. డాక్టర్ దగ్గరకెళ్లినప్పుడు "మాకు గొర్రెలున్నాయి" అన్న ఒక్క మాట చెప్పకపోతే, ఆయనకు ఆ అనుమానమే రాకపోవచ్చు.

ఇన్ఫెక్షన్‌తో సంబంధం లేనివీ ఉన్నాయి. జిల్లాలో చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఫ్లోరోసిస్ మొదట్లో అచ్చం ఇలాగే నడుము, కీళ్లు పట్టేస్తాయి. నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదు. ఇక విటమిన్ డి. ఎండలు మండే జిల్లాలో దానికి కొరతేమిటని నవ్వొచ్చు. కానీ ఇంట్లోనే ఉండేవాళ్లకు, ఒళ్లంతా కప్పుకుని బయటికెళ్లేవాళ్లకు ఆ ఎండ చర్మానికి తగలదు. మేడ మీదో పెరట్లోనో కాసేపు చేతులు, కాళ్లకు ఎండ తగలనివ్వాలి. థైరాయిడ్, రక్తహీనత, షుగర్, టీబీ కూడా చూపించుకోవాల్సినవే.

హకీం మందు, కలోంజీ, హిజామా

యునానీలో కీళ్ల నొప్పుల్ని వజా-ఉల్-మఫాసిల్ అంటారు. దానికి వాడే సురంజాన్‌లో కొల్చిసిన్ ఉంటుంది. నిజంగా పనిచేసే పదార్థమే, మోతాదు మించితే విషం కూడా. కాబట్టి చదువుకున్న హకీం రాసిస్తేనే తీసుకోవాలి. మనకు దగ్గర్లో కర్నూలులోనే డాక్టర్ అబ్దుల్ హక్ యునానీ మెడికల్ కాలేజీ ఉంది.

హదీసుల్లో చెప్పిన కలోంజీకి మన ఇళ్లలో గౌరవం ఉంది. వంటలో, తేనెతో కొద్దిగా తీసుకుంటే ఇబ్బంది లేదు. ఫైబ్రోమయాల్జియాను అదొక్కటే తగ్గిస్తుందనడానికి మాత్రం గట్టి ఆధారం లేదు. పసుపు కొందరికి మోకాళ్ల అరుగుదల నొప్పిలో కొంత ఉపశమనం ఇస్తుంది. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు పసుపు క్యాప్సూల్స్ జోలికి పోకూడదు. అశ్వగంధ గర్భిణులకు, థైరాయిడ్ మందు వాడేవాళ్లకు పనికిరాదు. కొందరిలో కాలేయం దెబ్బతిన్న ఉదాహరణలున్నాయి. హిజామా చేయించుకునేవాళ్లు బ్లేడు కొత్తదో కాదో కళ్లారా చూడాలి. హెపటైటిస్ బి, సి అలాగే అంటుకుంటాయి.

అన్నిటికంటే భయపడాల్సింది పేరు లేని పొడిని, ఏముందో చెప్పని 'నొప్పుల సూది'ని. రెండు రోజుల్లో లేచి తిరిగేలా చేసిందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమో అనుమానించాలి. నెలల తరబడి వాడితే ముఖం ఉబ్బి, షుగర్ పెరిగి, ఎముకలు గుల్లబారతాయి. అప్పటికే చాలాకాలంగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపకుండా డాక్టర్‌కు చూపించాలి.

నడక దగ్గర రెండు జబ్బులూ విడిపోతాయి. ఫైబ్రోమయాల్జియాకు యూరప్ కీళ్ల వైద్యుల సంఘం గట్టిగా సిఫారసు చేసింది వ్యాయామం ఒక్కటే. రోజూ ఐదు నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. క్రానిక్ ఫెటీగ్‌లో అలా పెంచుకుంటూ పోతే ముదురుతుంది. బ్రిటన్ 2021 మార్గదర్శకాల్లో ఆ పద్ధతిని తీసేశారు. వీళ్లు ఒంట్లో ఉన్న ఓపికను బట్టి పని పంచుకోవాలి, వంట సగంలో ఆపి కూర్చోవాల్సొస్తే కూర్చోవాలి.

నిలబడి నమాజ్ చేయలేనివాళ్లు కూర్చుని చేసుకోవచ్చు. రంజాన్‌కు నెల ముందే మందుల వేళలు డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. రోజుకోసారి వేసుకునే మాత్రను చాలావరకు ఇఫ్తార్ తర్వాతికి మార్చుకోవచ్చు. ప్రీగాబలిన్ లాంటివి రోజా కోసమని హఠాత్తుగా మానేయకూడదు. ఉపవాసం ఉండలేని పరిస్థితైతే ఆలిం సాహెబ్‌ను అడిగితే జబ్బు మనిషికి షరియత్‌లో ఉన్న వెసులుబాటు చెబుతారు.