కదలని రెక్కల బలం

అలిపిరి తనిఖీ కేంద్రం ముందు కార్ల బారు. మీ కారు గేరు 'డి'లో ఉంది, కుడికాలు బ్రేకు మీద ఉంది. తొక్కడానికి క్లచ్ లేదు. చక్రాలు ఆగే ఉన్నా ఇంజన్ మాత్రం ఆగిపోలేదు. బ్రేకు కాస్త వదిలితే చాలు, యాక్సిలరేటర్ తాకకుండానే కారు మెల్లగా ముందుకు పాకుతోంది.

ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య బూరెలా ఉబ్బిన ఉక్కు డొల్ల ఒకటుంది. అదే టార్క్ కన్వర్టర్. లోపలంతా నూనె. డొల్లకు అతికి ఉన్న ఇంపెల్లర్ రెక్కలు ఇంజన్‌తో పాటే తిరుగుతూ నూనెను అంచువైపు విసురుతున్నాయి. ఎదురుగా, వాటికి తగలకుండా, టర్బైన్ ఉంది. దాని షాఫ్టు గేర్‌బాక్స్‌లోకి పోతుంది. ఇప్పుడు మిమ్మల్ని పాకిస్తున్నది ఆ నూనె తోపే.

తనిఖీ అయింది, కొండెక్కుతున్నారు. ఎత్తు మలుపులో ముందున్న బస్సు దాదాపు ఆగిపోయింది. మీరూ ఆగారు. బస్సు కదలగానే యాక్సిలరేటర్ నొక్కారు. ఇంజన్ గొంతు పెరిగింది, కారింకా ఊపందుకోలేదు. లోపలికి చూడాల్సిన క్షణం ఇదే. టర్బైన్‌ను కొట్టిన నూనె దిశ తిరిగి, ఎదురు సుడితో మధ్యకు వస్తోంది. అలాగే ఇంపెల్లర్‌కు తగిలితే ఇంజన్‌కే అడ్డు పడుతుంది. మధ్యలో స్టేటర్ అడ్డు నిలిచింది. వన్‌వే క్లచ్ దాన్ని వెనక్కి తిరగనివ్వదు. దాని వంపు రెక్కలు నూనెను మళ్లించి, ఇంపెల్లర్ తిరిగే వైపే పంపుతున్నాయి. ఆ మళ్లింపుతోనే టర్బైన్‌కు ఇంజన్ ఇచ్చిన టార్క్‌కు దాదాపు రెట్టింపు అందుతోంది. బదులుగా వేగం తగ్గుతుంది, వేడి పుడుతుంది. ఈ యంత్రంలో నాకు అన్నిటికన్నా అబ్బురం ఆ నిలబడ్డ స్టేటరే. అది లేకపోతే బలం చేరుతుందే తప్ప పెరగదు. జర్మన్ ఇంజనీర్ హెర్మన్ ఫోటింగర్ 1905లో దీనికి పేటెంట్ తీసుకున్నది కార్ల కోసం కాదు, ఆవిరి టర్బైన్ బలాన్ని ఓడ ప్రొపెల్లర్‌కు చేర్చడానికి.

కారు వేగం పుంజుకుంది. టర్బైన్ ఇంపెల్లర్‌ను దాదాపు అందుకుంది. నూనె ఇప్పుడు స్టేటర్ రెక్కలను వెనకనుంచి తడుతోంది. వన్‌వే క్లచ్ వదిలేసింది, స్టేటరూ వాటితో కలిసి తిరుగుతోంది. ఇంకాస్త సాఫీ రోడ్డు రాగానే లాకప్ క్లచ్ పడింది. ఇంపెల్లర్, టర్బైన్ ఒక్కటయ్యాయి. ఇంజన్ వేగం చూపే ముల్లు కాస్త దిగింది. 1949లోనే ప్యాకార్డ్ కార్లలో ఈ ఏర్పాటు ఉంది.

మళ్లీ మలుపు. లాకప్ విడింది, నూనె మళ్లీ సుడి తిరిగి వేడెక్కింది. ఆ వేడిని దించుకోవడానికి గొట్టాల గుండా కూలర్‌కు వెళ్లి వస్తోంది. ఘాట్ రోడ్లు తరచూ ఎక్కే బండికి ఆ నూనెను వేళకు మార్పించండి.