చిలకలో ప్రాణం: తాళంచెవుల చరిత్ర కొంత

బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం అతని ఒంట్లో ఉండదు. ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంటుంది. చిన్నప్పుడు బుర్రకథలో విన్ననాటి నుంచీ నన్ను వేధించిన సందేహం ఒకటే. అంత దూరాన ఉన్న ఆ చిలక ఏ జబ్బో చేసి తనంతట తానే చచ్చిపోతే ఫకీరు గతేమిటి? కథకులు జవాబు చెప్పలేదు. యాభయ్యేళ్ళు దాటాక, ఒక ఆసుపత్రి రికార్డుల విభాగంలో నాకు ఆ జవాబు దొరికింది.

ఒక రోగి పాత ఎకో చిత్రాలు కావలసివచ్చాయి. గుండె కవాటం ఒకటి ఏళ్ళ తరబడి ఎంత వేగంగా సన్నబడుతున్నదో తేల్చితే తప్ప, శస్త్రచికిత్స ఇప్పుడే చేయాలా, మరో ఏడాది ఆగవచ్చునా అన్నది నిర్ణయించలేము. పాత రిపోర్టు చేతిలో ఉంది. అందులోని కొలతల మీదే నాకు అనుమానం. చిత్రాలున్న టేపులు అల్మరాలో భద్రంగా ఉన్నాయి, చదివే యంత్రమూ ఉంది. అయితే అవి ఎన్‌క్రిప్ట్ చేసిన టేపులు. వాటి కీలు దాచిన సర్వరును, రెండు సంస్థలు విలీనమైన రోజుల్లో, పాత సామాను కింద లెక్కగట్టి తీసేశారు. దొంగతనమేమీ జరగలేదు. చిలక చచ్చిపోయింది, అంతే.

ఎన్‌క్రిప్షన్ రహస్యాన్ని లేకుండా చేయదు, కుదిస్తుంది. లక్షలాది పుటల రహస్యం 32 బైట్ల కీలోకి చేరుతుంది. ఆపైన చిక్కంతా ఆ 32 బైట్లను ఎక్కడ ఉంచాలన్నదే. గుప్తలిపుల చరిత్రకారులు సాధారణంగా లిపులను ఛేదించిన మేధావుల గురించి రాస్తారు. తాళంచెవులను కాపాడవలసిన గుమస్తాల కథ నాకు అంతకన్నా ముఖ్యమనిపిస్తుంది.

1883లో ఆగస్త్ కెర్క్‌హాఫ్స్ ఒక ఫ్రెంచి సైనిక పత్రికలో గుప్తలిపి పద్ధతులకు ఆరు నియమాలు చెప్పాడు. డచ్చి దేశంలో పుట్టి పారిస్‌లో జర్మన్ బోధించిన భాషావేత్త ఆయన. పద్ధతి శత్రువు చేతికి చిక్కినా ప్రమాదం ఉండకూడదన్న రెండవ నియమాన్ని ఇప్పటికీ అందరూ ఉదహరిస్తారు. మూడవదాన్ని తలచేవారు తక్కువ. తాళంచెవి కాగితం మీద రాసుకోనవసరం లేకుండా గుర్తుండాలి, కావాలన్నప్పుడు మార్చుకునేలా ఉండాలి అన్నది దాని సారం. తాళంచెవికి చోటు మనిషి మెదడేనని ఆయన భావించాడన్నమాట. తరువాతి శతాబ్దం ఆ చోటును చాలనిదిగా చేసేసింది.

సోవియట్ యూనియన్ దౌత్య, గూఢచార సందేశాలకు వాడిన పద్ధతిలో, ఒక్కొక్క పుటలోని యాదృచ్ఛిక అంకెలను ఒక్కసారి మాత్రమే వాడి పారేయాలి. ఆ నియమం తప్పనంతవరకూ అది ఛేదించరానిదని క్లాడ్ షానన్ గణితపరంగా నిరూపించాడు. 1942 తొలి నెలల్లో యుద్ధపు ఒత్తిడిలో ఆ అంకెల పుటలు దాదాపు 35,000 రెండేసి ప్రతులుగా అచ్చయ్యాయి. 1943 ఫిబ్రవరిలో వర్జీనియాలోని ఆర్లింగ్టన్ హాల్‌లో ఈ సందేశాల పరిశీలనను మొదలుపెట్టినది జీన్ గ్రాబీల్ అనే మాజీ బడిపంతులమ్మ. 1995లో మాత్రమే లోకానికి వెల్లడైన వెనోనా పథకం అదే. లిపి చివరివరకూ దృఢంగానే ఉంది. ఓడిపోయింది అచ్చుయంత్రం.

ఉత్తరానికీ నిల్వకూ ఉన్న తేడాను ఇక్కడ గమనించాలి. ఉత్తరం చదివేశాక తాళంచెవిని పారవేయవచ్చు, పారవేయడమే మేలు కూడా. నిల్వ ఉంచిన సమాచారం అలా కాదు. అది బతికినన్నాళ్ళూ తాళంచెవీ బతకాలి, అదీ దానికి దూరంగా. రెండు పక్కపక్కనే ఉంటే తాళం వేసి ప్రయోజనం లేదు. మరీ దూరమైతే మా టేపుల గతి పడుతుంది.

1977లో అమెరికా ప్రభుత్వం డీఈఎస్ అనే లిపిని ప్రమాణంగా ప్రకటించిన మరుసటి ఏడాదే, ఐబీఎం పరిశోధకులు తమ సంస్థ పత్రికలో దాని కీల నిర్వహణ గురించి వ్యాసాలు ప్రచురించారు. నిల్వ ఉన్న ఫైళ్ళ సంగతీ అందులో ఉంది. వాళ్ళ ఏర్పాటు మన పాత ఇళ్ళలోనిదే. గదులకూ పెట్టెలకూ వేరువేరు తాళంచెవులు, అవన్నీ బీరువాలో, బీరువా తాళంచెవి బామ్మ బొడ్డులో. ఫైలుకు ఒక కీ ఉంటుంది. దాన్ని మరో కీతో గుప్తపరచి ఫైలు పక్కనే ఉంచినా భయం లేదు. అన్నిటికీ పైనున్న మాస్టర్ కీ మాత్రం భద్రమైన యంత్రభాగాన్ని దాటి బయటికి రాదు. పై కీని మార్చవలసివస్తే సమాచారాన్నంతా తిరగరాయక్కర్లేదు, కింది చిన్న కీలను తిరిగి గుప్తపరిస్తే చాలు. నేటి నిల్వ వ్యవస్థలన్నిటికీ పునాది ఈ ఏర్పాటే.

అయితే బామ్మ పోతే? ఆ ప్రశ్నకు 1979లో ఆది షమీర్ రెండు పుటల వ్యాసంలో జవాబిచ్చాడు. దాన్ని ఒక పాత లెక్కతో మొదలుపెట్టాడు. పదకొండుమంది శాస్త్రజ్ఞుల్లో ఏ ఆరుగురు కలిసినా బీరువా తెరుచుకోవాలి, అయిదుగురికి తెరుచుకోకూడదు. మామూలు తాళాలతో అయితే 462 తాళాలు కావాలి, ఒక్కొక్కరూ 252 తాళంచెవులు మోయాలి! షమీర్ దీన్ని బహుపదులతో తేల్చేశాడు. రెండు బిందువులు సరళరేఖను నిర్ణయించినట్టే, ఆరు బిందువులు అయిదవ తరగతి బహుపదిని నిర్ణయిస్తాయి. ఒక్కొక్కరికి ఒక్కో బిందువు ఇస్తే సరి. పదవ తరగతి తెలుగు మాధ్యమంలో నేర్చుకున్న బహుపదులకు ఇంత గొప్ప ఉపయోగం ఉందని మా లెక్కల మాస్టారు చెప్పి ఉంటే, బహుశా నేను వైద్యుణ్ణి అయ్యేవాణ్ణి కాదు.

వైద్యరంగంలో ఈ చరిత్ర తలకిందులుగా ప్రవేశించింది. 1989 డిసెంబరులో దాదాపు 20,000 ఫ్లాపీలు తపాలాలో బయలుదేరాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపిన ఎయిడ్స్ సదస్సు ప్రతినిధులకూ, ఒక కంప్యూటరు పత్రిక చందాదారులకూ అవి చేరాయి. పైకి ఎయిడ్స్ గురించిన ప్రశ్నావళి. లోపలి ప్రోగ్రాము మాత్రం కొన్నాళ్ళకు ఫైళ్ళ పేర్లను గుప్తపరచి, పనామాలోని ఒక తపాలా పెట్టెకు 189 డాలర్లు పంపమనేది. అదృష్టవశాత్తు కీ ఆ ప్రోగ్రాములోనే ఉండడంతో విరుగుడు త్వరలోనే దొరికింది. ఫకీరు తన చిలకను జేబులోనే పెట్టుకొని వచ్చాడు. మూసే కీ ఒకటి, తెరిచే కీ మరొకటి అయితే ఈ లోపం ఉండదని ఆడమ్ యంగ్, మోటీ యంగ్ 1996లో హెచ్చరించారు. 2017 మే 12న వానాక్రై దాడిలో ఇంగ్లండులోని 80 ఆసుపత్రి ట్రస్టుల పని దెబ్బతినేసరికి ఆ హెచ్చరిక అర్థమయింది. అక్కడ పనిచేసే తెలుగు వైద్యులు చాలామందికి ఆ రోజు గుర్తుండే ఉంటుంది.

అమెరికాలో 2009 నాటి చట్టం మరో మలుపు తెచ్చింది. రోగుల సమాచారం సరైన పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ అయి, కీ భద్రంగా ఉంటే, పరికరం పోయినా రోగులకు తెలియజేయవలసిన బాధ్యత ఉండదు. కీని సమాచారానికి దూరంగా ఉంచాలన్నది అందుకు సంబంధించిన మార్గదర్శకాల్లోనే ఉంది. తనంతట తానే ఎన్‌క్రిప్ట్ చేసే ఎల్‌టీఓ-4 టేపు యంత్రం అప్పటికి రెండేళ్ళ ముందే, 2007లో వచ్చింది. ఆసుపత్రులు ఉత్సాహంగా టేపులకు తాళాలు వేశాయి. పోకుండా ఉండడానికి శిక్షలూ తనిఖీలూ వచ్చాయి గాని, కీ చిరకాలం నిలవడాన్ని గురించి అంత పట్టుదల ఎవరూ చూపలేదు. చూపి ఉంటే మా సర్వరు పాత సామాను అయ్యేది కాదు.

చివరికి ఆ రోగికి అన్నవాహిక గుండా గొట్టం దింపి మళ్ళీ ఎకో తీశాము. ఈనాటి కవాటం స్పష్టంగా కనిపించింది. ఆరేళ్ళ క్రితం నాటిది కనిపించలేదు. శస్త్రచికిత్స చేయించుకోమనే చెప్పాను. ఏడాది ఆగి ఉండవచ్చునా అని ఆయన అడిగితే, తెలియదన్నాను.

కీని నాశనం చేస్తే సమాచారాన్ని చెరిపినట్టేనని అమెరికా ప్రమాణాల సంస్థ పాత డిస్కుల పారవేతకు ఇచ్చిన సూచనల్లో అంగీకరిస్తుంది. ఆ లెక్కన మా టేపులు ఖాళీవి. రికార్డుల విభాగం జాబితాలో మాత్రం అవి భద్రపరచిన వైద్యచిత్రాలే. గడువు తీరేదాకా పారవేయకూడదు కనుక, చల్లని గదిలో ఇప్పటికీ ఆ అల్మరాలోనే ఉన్నాయి. అల్మరా తాళంచెవి మాత్రం ఎవరి దగ్గర ఉందో అందరికీ తెలుసు.