ఎం మీద ఎర్ర టేపు

2006 నవంబర్‌లో ఒక సోమవారం పొద్దున ఆఫీసుకి వెళ్ళేసరికి నా క్యూబికిల్ బయట నేమ్‌ప్లేట్‌లో మొదటి అక్షరం మీద ఎవరో ఎర్ర టేపుతో ఇంటూ కొట్టారు. మురళి అన్న పేరులో ఎం. ఒహాయోలోని కొలంబస్ వచ్చి అప్పటికి నాలుగు నెలలు. వీసా మీద వచ్చినవాడికి ఇలాంటివి కనపడితే ముందు గుర్తొచ్చేది ఇంటి అద్దె. ఉద్యోగం ఊడిందా, నా మొహం ఎవరికైనా నచ్చలేదా అని అటూ ఇటూ చూస్తే మార్కెటింగ్ వాళ్ళ బోర్డుకీ అదే టేపు, మీటింగ్ రూమ్ తలుపుకీ అదే టేపు. పక్క సీటాయన నవ్వి, "కంగారు పడకు, ఇది ఆ వారం" అన్నాడు.

ఒహాయో స్టేట్ యూనివర్సిటీ, మిషిగన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆడే వారం అన్నమాట. ఇక్కడివాళ్ళు మిషిగన్ పేరెత్తరు. "ఉత్తరాన ఉన్న ఆ జట్టు" అంటారంతే, మన పాతకాలం ఆడవాళ్ళు మొగుడి పేరు చెప్పనట్టు. యూనివర్సిటీ ఆవరణలోనైతే భవనాల మీదున్న ఎం అక్షరాలన్నిటికీ టేపు పడుతుంది. ఆ ఏడు ఒహాయో నంబర్ వన్, మిషిగన్ నంబర్ టూ, ఇద్దరికీ అప్పటిదాకా ఓటమి లేదు. ఆటకి ముందురోజు మిషిగన్ పాత కోచ్ బో షెంబెక్లర్ చనిపోయాడు. మర్నాడు ఒహాయో 42-39తో గెలిచింది. ఆ సాయంత్రం ఒహాయో లాటరీలో తగిలిన నాలుగంకెల నంబరు 4239. నమ్మకపోతే మీ ఇష్టం.

మా మేనమామ బాపట్ల అగ్రికల్చర్ కాలేజీలో చదివి, వ్యవసాయ శాఖలో చేసి రిటైరయ్యాడు. ఫోన్లో ఈ సంగతి చెబితే ఆయన ఒకటే అడిగాడు. "ఏరా మురళీ, కాలేజీ కుర్రాళ్ళాటకి లక్షమందేమిట్రా? వాళ్ళకి పనీపాటా ఉండదా?" పంతొమ్మిదేళ్ళుగా ఆ ప్రశ్నకి వాయిదాల మీద జవాబు చెబుతున్నాను. ఇది ఇంకో వాయిదా. ఈ 2025 థాంక్స్‌గివింగ్ వారాంతంలో శుక్రవారం రెండు, శనివారం రెండు ఆటలున్నాయి. నాలుగింటికీ జోస్యం చెబుతాను. జోస్యం తప్పినా ఆ ఆటల వెనకున్న చరిత్ర తప్పదు.

ముందు ఆట సంగతి. పేరు ఫుట్‌బాలే గానీ కాలితో పని తక్కువ. కోలగా ఉండే బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తాలి, లేదా ముందుకి విసరాలి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్తే మళ్ళీ నాలుగు ప్రయత్నాలిస్తారు. చెడుగుడూ భూకబ్జా కలిపినట్టుంటుంది. కాలేజీల మధ్య మొదటి ఆట 1869 నవంబర్ 6న న్యూజెర్సీలోని న్యూ బ్రన్స్‌విక్‌లో జరిగింది. అంటే మనవాళ్ళు కిక్కిరిసి ఉన్న ఎడిసన్‌కి పక్కనే. రట్గర్స్ 6-4తో ప్రిన్స్‌టన్‌ని ఓడించింది. తర్వాత్తర్వాత ఆట ఎంత మొరటుగా తయారైందంటే, మైదానాల్లో కుర్రాళ్ళు చచ్చిపోతుంటే 1905లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ పెద్దల్ని వైట్ హౌస్‌కి పిలిపించి మాట్లాడాల్సొచ్చింది. బంతిని ముందుకి విసరొచ్చన్న నియమం ఆ మరుసటేడాదే వచ్చింది.

ఇక మామయ్యకి నేను చెప్పే అసలు జవాబు. 1862 జులై 2న, అంతర్యుద్ధం నడుస్తుండగా, లింకన్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. వెర్మాంట్ సభ్యుడు జస్టిన్ మోరిల్ తెచ్చాడు కాబట్టి దాన్ని మోరిల్ చట్టం అంటారు. కాంగ్రెస్‌లో ఎంతమంది సభ్యులుంటే మనిషికి 30,000 ఎకరాల చొప్పున రాష్ట్రానికి భూమి ఇస్తారు. అది అమ్మగా వచ్చిన సొమ్ముతో వ్యవసాయం, యంత్రవిద్యలు నేర్పే కాలేజీ నడపాలి. ఆ భూములు అంతకుముందు ఆదివాసీ తెగల దగ్గర ఒప్పందాల పేరుతోనో బలవంతంగానో లాక్కున్నవి. ఆ మాట చెప్పకుండా ఈ కథ చెప్పడం న్యాయం కాదు. యుద్ధం ముగిశాక దక్షిణాది రాష్ట్రాలకీ ఈ సాయం అందింది.

అప్పటికే చాలా రాష్ట్రాల్లో ఒక పాత యూనివర్సిటీ ఉండేది. భూస్వాముల పిల్లలు లాటిన్ చదివి వకీళ్ళయి, గవర్నర్లయ్యేది అక్కడే. ఇప్పుడు దానికి సవితి తమ్ముడిలా రైతుబిడ్డల కాలేజీ ఒకటి తయారైంది. అలబామాకి ఆబర్న్, మిసిసిపీ యూనివర్సిటీకి మిసిసిపీ స్టేట్. టెక్సస్‌లో మాత్రం టెక్సస్ ఏ అండ్ ఎమ్మే ముందొచ్చింది, టెక్సస్ యూనివర్సిటీ తర్వాత. మా ఒహాయో స్టేట్ కూడా 1870లో వ్యవసాయ కాలేజీ పేరుతోనే మొదలైంది. ఈ వారాంతం నాలుగు ఆటల్లోనూ ఒక పక్కనున్నది లింకన్ సంతకం పెట్టిన చట్టం సాయం అందుకున్న కాలేజీయే. వకీళ్ళ పిల్లలు రైతుల పిల్లల్ని వెక్కిరించడం, వీళ్ళు ఏడాదంతా ఓర్చుకుని నవంబర్‌లో ఒక్కరోజు లెక్క తేల్చుకోవడం, అంతే సంగతి. ఇది చెబితే మామయ్య కాసేపు మాట్లాడలేదు. "మమ్మల్ని కూడా ఇంజనీరింగ్ వాళ్ళు దున్నపోతుల కాలేజీ అనేవారురా" అన్నాడు తర్వాత.

ఆయనకి తెలిసిన ముక్క ఇంకోటుంది. 1964లో మన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు సాయం చేసింది కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ. మోరిల్ చట్టం వచ్చిన మరుసటేడాదే పెట్టిన కాలేజీ అది. పాఠం చెప్పడం, పరిశోధన చెయ్యడం, దాన్ని పొలం దాకా చేర్చడం, మూడూ ఒకే గొడుగు కింద ఉండాలన్న పద్ధతి అలా ఆ విశ్వవిద్యాలయం పెట్టిన రాజేంద్రనగర్‌కి వచ్చింది. ఫుట్‌బాల్ మాత్రం రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మిసిసిపీ ఆట. దీని పేరు ఎగ్ బౌల్. గెలిచినవాళ్ళకి 1927 నుంచీ బంగారు రంగు బంతి ఇస్తున్నారు, ఆకాలపు బంతి కాబట్టి బొద్దుగా గుడ్డులా ఉంటుంది. మిసిసిపీ స్టేట్ వాళ్ళు స్టేడియంలో గంటలు మోగిస్తారు. గుడిగంటలు కావు, పశువుల మెడలో కట్టేవి, చేత్తో పట్టుకోను పిడి వేయించుకుని మరీ తెచ్చుకుంటారు. పల్లెటూరి కాలేజీ అని ఎవడైనా నవ్వితే వాడి చెవులు గింగుర్లెత్తాలని. 1974లో లీగ్ వాళ్ళు ఆ గంటల్ని నిషేధిస్తే, దొంగచాటుగా తెచ్చి మోగించారు. 2010లో నిషేధం సడలించక తప్పలేదు.

అవతలి జట్టు, ఓల్ మిస్ అని పిలిచే మిసిసిపీ యూనివర్సిటీ కథ వేరు. 1962లో జేమ్స్ మెరిడిత్ అనే నల్లజాతి యువకుడు అక్కడ చేరతానన్నాడు, కోర్టులు చేర్చుకోవాలన్నాయి. గవర్నర్ రాస్ బార్నెట్ ససేమిరా అన్నాడు. సెప్టెంబర్ 29 శనివారం రాత్రి జాక్సన్‌లో ఓల్ మిస్, కెంటకీ ఆట. విరామంలో బార్నెట్ మైదానం మధ్యకొచ్చి, పిడికిలి ఎత్తి, మిసిసిపీ అంటే నాకు ప్రేమ, ఇక్కడి మనుషులంటే ప్రేమ, ఆచారాలంటే గౌరవం అని నాలుగు ముక్కలు చెప్పాడు. ఆచారాలంటే ఏవో అక్కడ ఎవరికీ వివరించక్కర్లేదు. స్టేడియం అంతా అంతర్యుద్ధం నాటి తిరుగుబాటు జెండాలు, కేకలు. మర్నాడు రాత్రి యూనివర్సిటీ ఊరు ఆక్స్‌ఫర్డ్‌లో అల్లర్లు జరిగాయి. ఇద్దరు చచ్చిపోయారు, అందులో ఒకడు వార్త రాయడానికొచ్చిన ఫ్రెంచి విలేకరి. కెన్నెడీ సైన్యాన్ని పంపాడు. అక్టోబర్ 1న మెరిడిత్ పేరు నమోదు చేయించుకున్నాడు. ఆ ఏడు ఓల్ మిస్ ఒక్క ఆటా ఓడలేదు, ఆ సంగతి చెప్పుకోవడానికి మాత్రం ఇప్పుడు వాళ్ళకే ఇబ్బంది.

ఈ రోజు ఆ జట్టులో ఆటగాళ్ళని చూస్తే బార్నెట్ ఏమంటాడో గానీ, పది గెలిచి ఒకటి ఓడి వస్తున్నారు. కోచ్ వేరే యూనివర్సిటీకి వెళ్ళిపోతాడని ఊరంతా పుకారు. అయినా ఓల్ మిస్సే గెలుస్తుంది. గంటలు మోగుతూనే ఉంటాయి.

శుక్రవారం రాత్రి ఆస్టిన్‌లో టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం. మన తెలుగు పిల్లలు ఎమ్మెస్‌కి బారులు తీరే చోట్లలో ఈ రెండూ ఉన్నాయి కాబట్టి చాలా ఇళ్ళలో తెలిసిన పేర్లే. ఏ అండ్ ఎం వాళ్ళని అందరూ ఆగీ అంటారు, అంటే వ్యవసాయగాడని. వాళ్ళు దాన్నే బిరుదు చేసుకున్నారు. తిరిగి టెక్సస్ వాళ్ళని టీ తాగేవాళ్ళని వెక్కిరిస్తారు, దొరలవేషాలని. పొద్దున లేస్తే మూడు కప్పులు తాగే జాతిలో పుట్టిన నాకు ఈ తిట్టు ఇప్పటికీ ఎక్కదు. 1894లో మొదలైన ఈ పోటీ, ఏ అండ్ ఎం 2012లో వేరే లీగ్‌కి వెళ్ళిపోవడంతో ఆగిపోయింది. ఒకే రాష్ట్రంలో ఉంటూ పన్నెండేళ్ళు మొహాలు చూసుకోలేదు. పోయినేడు మళ్ళీ మొదలైతే 17-7తో టెక్సస్ గెలిచింది. ఈసారి ఏ అండ్ ఎం పదకొండుకి పదకొండూ గెలిచి వస్తోంది. నా ఓటు వాళ్ళకే. ఇందులో బుద్ధి పాలు తక్కువ, మామయ్య పాలు ఎక్కువ.

శనివారం రాత్రి ఆబర్న్‌లో అలబామాతో ఆట. 1907లో ఖర్చుల డబ్బుల దగ్గరా, అంపైర్ ఎవరన్న దగ్గరా మాటామాటా పెరిగి 1948 దాకా ఆడుకోలేదు ఈ ప్రబుద్ధులు. మళ్ళీ కలిసినప్పుడు రెండు యూనివర్సిటీల విద్యార్థి నాయకులు బర్మింగ్‌హామ్ పార్కులో నిజంగానే ఒక గొడ్డలి పాతిపెట్టారు. పగ పాతిపెట్టినట్టు గుర్తు. అంత లోతుగా పాతినట్టు లేరు. 2010 ఆటలో అలబామా ఓడాక ఒక అభిమాని ఆబర్న్ కూడలిలో ఏళ్ళనాటి ఓక్ చెట్లకి విషం పోసి, ఆ సంగతి తనే రేడియోకి ఫోన్ చేసి చెప్పుకున్నాడు. చెట్లు బతకలేదు, 2013లో కొట్టేశారు. ఆబర్న్ ఈ ఏడు ఐదు గెలిచి ఆరు ఓడింది, కోచ్‌ని మధ్యలోనే తీసేసింది. అలబామా గెలుస్తుంది, కానీ సులువుగా కాదు.

ఇక మా ఆట. ఒహాయో, మిషిగన్‌ల గొడవకి రైతులూ వకీళ్ళూ కాక ఇంకో కథ కూడా చెబుతారు. 1835లో టొలీడో ఊరు, దాని చుట్టూ సన్నటి నేల ముక్క ఎవరిదన్న తగువు. పాత పటంలో మిషిగన్ సరస్సు కొస తప్పుగా గీశారు, దానివల్ల సరిహద్దు రెండు రకాలుగా వచ్చింది. ఒహాయో అప్పటికే రాష్ట్రం. మిషిగన్ ఇంకా కాలేదు, దాని గవర్నర్ ఇరవై మూడేళ్ళ స్టీవెన్స్ మేసన్. ఇద్దరూ సాయుధ దళాల్ని సరిహద్దుకి పంపారు. టొలీడోలో బెంజమిన్ స్టిక్నీ అనే పెద్దమనిషి ఉండేవాడు, ఒహాయో పక్షం. ఆయన కొడుకుల్లో పెద్దాడికి వన్ అనీ, రెండోవాడికి టూ అనీ పేర్లు పెట్టాడు. అరెస్టు చెయ్యడానికొచ్చిన మిషిగన్ డిప్యూటీ షెరీఫ్‌ని ఈ టూ అనేవాడు పెన్నులు చెక్కే చాకుతో పొడిచాడు. యుద్ధం అని పేరు పెట్టుకున్న ఆ తతంగంలో చెప్పుకోదగ్గ గాయం అదొక్కటే. షెరీఫ్ బతికాడు.

తీర్పు వాషింగ్టన్‌లో జరిగింది. ఒహాయోకి ఓట్లున్నాయి, మిషిగన్‌కి లేవు. టొలీడో ఒహాయోకి పోయింది. బదులుగా మిషిగన్‌కి సరస్సుకి అవతల మంచుగడ్డ లాంటి ద్వీపకల్పం అంటగట్టారు. 1836 డిసెంబర్‌లో యాన్ ఆర్బర్‌లో సమావేశమై మిషిగన్ వాళ్ళు పళ్ళు కొరుక్కుంటూ ఒప్పుకున్నారు, నెలన్నర తిరక్కుండా రాష్ట్రమయ్యారు. కొన్నేళ్ళకే ఆ మంచు కింద రాగి, ఇనుము బయటపడ్డాయి. ఒహాయోవాళ్ళు ఈ చివరి ముక్క చెప్పరు.

నిజం చెప్పాలంటే మొదటి ఆట జరిగింది 1897లో, టొలీడో గొడవైన అరవై ఏళ్ళకి. ఆ పగే ఈ ఆటయిందనడం తర్వాత అల్లుకున్న కథ. ఆట ముదిరాక దానికో యుద్ధం కావాల్సొచ్చింది, వెతికితే దొరికింది. మన ఊళ్ళలో రెండు వీధుల తగువుకి స్థలపురాణం దొరికినట్టే.

డబ్బు గురించి మామయ్య అడిగితే మాత్రం నాకు నోరు పెగలదు. వందేళ్ళు కుర్రాళ్ళకి ఫీజు మాఫీయే తప్ప జీతం లేదు, కోచ్‌లకి కోట్లు. ఈ ఏడు కోర్టు ఒప్పందంతో ఒక్కో యూనివర్సిటీ ఆటగాళ్ళందరికీ కలిపి 20.5 మిలియన్ డాలర్ల దాకా నేరుగా ఇవ్వొచ్చు. ఇన్నాళ్ళూ ఇవ్వకపోవడమే అన్యాయమని నా అభిప్రాయం. రైతుబిడ్డల కాలేజీ అన్న మాట ఇక ముందు ఎంతకాలం అతుకుతుందో మరి.

మా ఆఫీసు కాఫీ మిషన్ పక్కన ఒక రేకుడబ్బా ఉంది. మనిషికో డాలర్, గెలుపు చెప్పి స్కోరు రాసి వెయ్యాలి. 2021 నుంచి 2024 దాకా నాలుగేళ్ళూ ఒహాయో అని రాశాను, నాలుగేళ్ళూ మిషిగన్ గెలిచింది. పోయినేడు మరీ ఘోరం. మా ఊళ్ళోనే 13-10తో ఓడి, ఆ ఓడినవాళ్ళే జనవరిలో దేశం మొత్తానికి ఛాంపియన్లయ్యారు. అయినా ఊళ్ళో సగంమంది ఇంకా ఆ 13-10 గురించే మాట్లాడతారు. ఈసారి ఒహాయో పదకొండుకి పదకొండు గెలిచింది, మిషిగన్ రెండు ఓడింది, ఆట యాన్ ఆర్బర్‌లో, 1,07,601 సీట్ల స్టేడియంలో. నా నేమ్‌ప్లేట్ మీద టేపు సోమవారమే పడింది, ఈసారి నేనే వేసుకున్నాను.

ఆట మొదలు ఇండియా టైములో శనివారం రాత్రి పదిన్నరకి. డబ్బాలో వేసిన చీటీలో నేను రాసింది: ఒహాయో 24, మిషిగన్ 17.