తెల్ల యూనిఫాం

1945 ఆగస్టు 14న న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో, తెల్ల దుస్తుల్లో ఉన్న ఓ యువతిని వెనక్కి వంచి ముద్దు పెట్టుకుంటున్న నావికుడి ఫోటో మనమందరం చూసిందే. 'లైఫ్' పత్రిక కోసం ఆల్ఫ్రెడ్ ఐసెన్‌స్టాట్ తీశాడు. పేర్లు అడగలేదు. దశాబ్దాలపాటు అది ప్రేమకు గుర్తుగా గోడలకెక్కింది.

అతను జార్జ్ మెండోన్సా అని పరిశోధకులు తేల్చారు. పసిఫిక్ యుద్ధం నుంచి సెలవు మీద వచ్చిన ఇరవై రెండేళ్ళ కుర్రాడు. తాగి ఉన్నాడు. తర్వాత భార్య అయిన రీటా వెనకే ఉంది (ఫోటోలో అతని భుజం మీదుగా ఆమె ముఖం కనిపిస్తుంది కూడా!). ఆ మే నెలలో బంకర్ హిల్ ఓడ మీద దాడిలో గాయపడ్డ వాళ్ళకి నర్సులు చేసిన సేవ చూశాడట. తెల్ల యూనిఫాం కనబడగానే ఆ కృతజ్ఞత పొంగిందన్నాడు. నమ్మొచ్చు. కానీ ఆ కృతజ్ఞతని ఎవరి ఒంటి మీద తీర్చుకున్నాడు?

గ్రెటా జిమ్మర్ నర్సు కాదు. దంతవైద్యుడి దగ్గర సహాయకురాలు. 1939లో ఆస్ట్రియా నుంచి వచ్చిన యూదు శరణార్థి. తల్లిదండ్రులు నాజీల మారణకాండలో పోయారు. యుద్ధం నిజంగానే ముగిసిందా అని చూడ్డానికి పని మధ్యలో బయటికొచ్చింది. ఆ వార్త ఆమెకి ఏమిటో ఫోటోలో ఎక్కడుంది? ముద్దు తన ఇష్టంతో జరిగింది కాదని, అతనే వచ్చి పట్టుకున్నాడని 2005లో చెప్పింది. అతన్ని నిందించలేదు. ఆ మాట కూడా ఆమెదే, కాదనలేం.

గ్రెటా 2016లో, మెండోన్సా 2019 ఫిబ్రవరిలో పోయారు. అతను పోయిన ఒకటి రెండు రోజులకే ఫ్లోరిడాలోని సరసోటాలో, ఆ ముద్దు విగ్రహంలోని స్త్రీ కాలి మీద ఎవరో ఎర్రరంగుతో 'మీ టూ' అని రాశారు. విగ్రహం పేరు 'బేషరతు లొంగుబాటు'. రంగుని వెంటనే చెరిపేశారు.