సాయంత్రం లేని ఊళ్లో కాలేజీ ఆట

కృష్ణా డెల్టాకు ఫుట్‌బాల్ ఇంగ్లీషు చదువు వెంటే వచ్చింది. రాబర్ట్ నోబుల్ 1843లో బందరులో పెట్టిన బడి ఆ తర్వాత కాలేజీ అయింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలోనే పుట్టి, కొన్నేళ్లకు వాల్తేరు వెళ్లింది. బెజవాడలో 1937లో ఎస్.ఆర్.ఆర్., గుడివాడలో 1950లో ఇప్పుడు అక్కినేని పేరున్న కాలేజీ, 1953లో మళ్లీ బెజవాడలోనే ఆంధ్ర లయోలా వెలిశాయి. కాలేజీ కట్టాలంటే ముందు గ్రౌండుకు చోటు చూసిన కాలం అది.

తెలుగునాట ఈ ఆటకు 1950 దశకమే మంచి రోజులు. కోచ్ రహీం సాబ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది. పేపర్లో ఆ ఆటగాళ్ల పేర్లు చదివిన కుర్రాళ్లకు కాలేజీ మ్యాచ్ ఒక్కటే కళ్లారా చూడగలిగే ఫుట్‌బాల్. టికెట్ లేదు, గ్యాలరీ లేదు. సున్నం గీత అవతల నిలబడి అరవడమే. ఆడేది పక్క బెంచీ వాడు; ఆటలో లోపాలున్నా అరుపులో లోపం ఉండేది కాదు. ఫుట్‌బాలే కాదు, వాలీబాల్‌కూ కబడ్డీకీ బాల్ బ్యాడ్మింటన్‌కూ అదే జనం.

ఆ జనాన్ని క్రికెట్ తినేసిందనీ టీవీ మింగేసిందనీ చాలామంది అంటారు. అందులో కొంత నిజముంది. 1983 ప్రపంచకప్పు తర్వాత బ్యాటు పట్టని వీధి లేదు. అంతకుముందే 1972లో జై ఆంధ్ర ఉద్యమం చదువుల ఏడాదినే తారుమారు చేసింది. ఆ దశకం నుంచీ బెజవాడ కాలేజీల్లో వర్గపోరు ముదిరింది. 1988 డిసెంబరులో ఎమ్మెల్యే వంగవీటి రంగా హత్యతో ఊరే కర్ఫ్యూలోకి వెళ్లింది. గుంపు అంటేనే భయపడే రోజుల్లో రెండు కాలేజీల కుర్రాళ్లను ఒకచోట చేర్చడానికి ఎవరు సాహసిస్తారు?

అసలు దెబ్బ ఇంకొకటని నా నమ్మకం. 1986లో ఎంసెట్ మొదలైంది. దాని వెనకే బెజవాడ చుట్టూ రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీలు లేచాయి. అపార్ట్‌మెంటులాంటి భవనం, తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి దాకా స్టడీ అవర్. మనిషి ప్రేక్షకుడయ్యేది సరిగ్గా పదహారు, పదిహేడేళ్ల వయసులోనే. మా కాలేజీ, మా జట్టు అనే మమకారం అప్పుడే నాటుకుంటుంది. ఆ రెండేళ్ల సాయంత్రాలను ర్యాంకుకు అప్పగించేశాం. అక్కణ్నుంచి ఇంజినీరింగుకు వెళ్లిన పిల్లవాడు నాలుగున్నరకల్లా కాలేజీ బస్సు ఎక్కాలి. గ్రౌండున్నా ఆగే వీల్లేదు.

ఊళ్లోని ఖాళీ జాగాలూ తగ్గాయి. సభలకూ పుస్తకాల పండుగకూ నెలవైన పి.డబ్ల్యు.డి. గ్రౌండ్స్‌లో 2024 నుంచి అంబేద్కర్ స్మృతివనం ఉంది. అది గౌరవమైన కట్టడమే, కానీ ఊరి నడుమ మైదానం ఒకటి తగ్గిందన్నదీ నిజమే.

ఇంత జరిగినా ఆడేవాళ్లకు కొదవ లేదు. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో విలువిద్యలో మూడు స్వర్ణాలు గెలిచింది. అకాడమీలు ఆటగాళ్లను తయారుచేయగలవు, చూసేవాళ్లను తయారుచేయలేవు. నాగార్జున, కృష్ణా విశ్వవిద్యాలయాల పరిధిలో అంతర కళాశాలల పోటీలు ఇప్పటికీ జరుగుతున్నాయి. జట్లు వస్తాయి, ఎండలో ఆడతాయి, స్పోర్ట్స్ కోటాకు పనికొచ్చే సర్టిఫికెట్లు తీసుకుని వెళ్లిపోతాయి. చప్పట్లు కొట్టేది తర్వాతి మ్యాచ్ కోసం కూర్చున్న జట్టే.

తమ తరహా కాలేజీ ఫుట్‌బాల్ పెద్ద వ్యాపారమైన అమెరికాలోనూ 2008 తర్వాత పదేళ్లపాటు స్టేడియాల్లో జనం పలచబడ్డారు. అయితే మిషిగన్ విశ్వవిద్యాలయం మైదానం లక్షమందికి పైగా పట్టేది. వాళ్లకు తగ్గినా మిగిలేది చాలా ఉంది. మనకు మిగిలింది పి.డి. మాస్టారూ పది కుర్చీలూ.

డెల్టా జనానికి ఆట చూడాలన్న తహతహ చావలేదు. సంక్రాంతికి ఒంగోలు ఎడ్ల పందెం పెడితే గట్లన్నీ నిండిపోతాయి. అక్కడ మా ఊరి జత అనే పట్టుదల ఉంది, చూసే తీరిక ఉంది. కాలేజీ ఆటకూ ఆ రెండే కావాలి. ఫైనల్స్‌ను మధ్యాహ్నం రెండింటికి కాక సాయంత్రం లైట్ల కింద పెట్టాలి. ఆ రోజు బస్సులు ఏడింటికి కదలాలి. పాత విద్యార్థులకు కబురు పెట్టాలి. ఇంటర్ పిల్లలకు వారంలో ఒక్క సాయంత్రమైనా స్టడీ అవర్ ఎత్తేయాలి.